ఎర్ర లైటు దగ్గర కెమెరా: అరవై ఏళ్ల వాదన ఎక్కడికొచ్చింది?

ఎర్ర లైటు పడితే ఆగాలన్న నియమం మీద ఎవరికీ పేచీ లేదు. ఆగని బండిని ఎవరు పట్టుకోవాలి, పట్టుకున్నాక శిక్ష బండికా నడిపినవాడికా, వసూలైన డబ్బు ఎటు పోవాలి అన్న దగ్గరే పేచీ మొదలవుతుంది. కూడలిలో నిలబడే పోలీసు స్థానంలోకి కెమెరా వచ్చి అరవై ఏళ్లవుతోంది. ఈ అరవై ఏళ్లలో కొన్ని దేశాలు కెమెరాలను పెంచుకుంటూ పోయాయి. కొన్ని నగరాలు ఓటు వేసి మరీ పీకేయించాయి. మన దేశంలో చట్టం మారింది, రూల్స్ వచ్చాయి, సుప్రీంకోర్టు కూడా రాష్ట్రాలను తొందరపెట్టింది. చర్చ మాత్రం "కెమెరా ప్రాణాలు కాపాడుతుంది", "కెమెరా జేబులు కొడుతుంది" అన్న రెండు మాటల మధ్యే తిరుగుతోంది. ఈ వాదన ఎలా పుట్టింది, ఎన్ని పాయలుగా చీలింది, ఎక్కడ తేలింది, ఎక్కడ తేలలేదు అన్నది ఒకచోట చేర్చి చూడటం ఈ వ్యాసం పని.

కథ ఎక్కడ మొదలైంది

ఈ కథకు మూలపురుషుడు మారిస్ గాట్సోనిడెస్ అనే డచ్ రేసు డ్రైవర్. 1953లో మాంటీకార్లో ర్యాలీ గెలిచినవాడు. మలుపుల్లో తన కారు వేగాన్ని కచ్చితంగా కొలుచుకుని ఇంకా వేగంగా నడపాలని ఒక పరికరం తయారుచేసుకున్నాడు. అదే తర్వాత పోలీసుల చేతికి వెళ్లి వేగాన్ని అదుపు చేసే యంత్రమైంది. 1958లో ఆయన పెట్టిన సంస్థ 1960ల మధ్యలో ఎర్ర లైటు కెమెరాను తెచ్చింది. రోడ్డుకు అడ్డంగా రబ్బరు గొట్టాలు పరిచేవారు. ఎర్ర లైటు ఉండగా బండి వాటి మీదుగా వెళితే కెమెరా ఫొటో తీసేది.

ఆ తర్వాత ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1983లో, సింగపూర్ 1986లో, న్యూయార్క్ నగరం 1993లో ఈ పద్ధతిలోకి వచ్చాయి. ఫిల్ము పోయి డిజిటల్ ఫొటో రావడంతో ఖర్చు తగ్గింది, వ్యాప్తి పెరిగింది. 2012 నాటికి అమెరికాలో 500కు పైగా ఊళ్లలో ఈ కెమెరాలు ఉండేవి. తర్వాత చాలా ఊళ్లు వాటిని తీసేశాయి. 2019లో టెక్సాస్ రాష్ట్రం నిషేధించింది. మరోవైపు న్యూయార్క్ రాష్ట్రం 2024లో ఆ నగరానికి 150 కూడళ్ల పరిమితిని 600కు పెంచింది. ఒకే దేశంలో, అయిదేళ్ల తేడాలో, రెండు రాష్ట్రాలు పూర్తిగా ఎదురెదురు దిక్కులకు నడిచాయి.

యంత్రం పని చేసే తీరు ఇప్పుడు మారింది. గొట్టాల స్థానంలో రోడ్డు కింద పాతిన వైరు చుట్టలో, రాడారో, వీడియోనో ఉంటున్నాయి. సూత్రం మాత్రం మారలేదు. బండి స్టాప్ లైన్ దాటకముందు ఒక ఫొటో, కూడలి మధ్యలో ఉండగా ఒక ఫొటో, రెంటిలోనూ ఎర్ర లైటు కనిపించాలి. ఆ పైన నంబర్ ప్లేటును సాఫ్ట్‌వేర్ చదువుతుంది. ఎవరి పేరున బండి రిజిస్టరై ఉంటే వారికి చలానా వెళుతుంది.

మొదటి వాదం: ప్రాణాలు నిలుస్తాయి

కెమెరాను సమర్థించేవారి మూల సూత్రం పాతదే. శిక్ష ఎంత పెద్దదన్నదాని కంటే తప్పించుకోలేమన్న నమ్మకమే మనిషిని ఆపుతుందని ఇటలీ న్యాయతత్వవేత్త బెకారియా 1764లోనే చెప్పాడు. పోలీసు రోజంతా ఒకే కూడలిలో ఉండలేడు, కెమెరా ఉంటుంది.

ఈ వాదానికి అంకెల బలమూ ఉంది. కాలిఫోర్నియాలోని ఆక్స్‌నార్డ్ పట్టణంలో 1997లో కెమెరాలు పెట్టాక, సిగ్నల్ కూడళ్లలో గాయాలయ్యే ప్రమాదాలు 29 శాతం తగ్గాయని బీమా సంస్థల నిధులతో నడిచే హైవే భద్రతా సంస్థ పరిశోధకులు లెక్కగట్టారు. కెమెరాలు లేని కూడళ్లలోనూ తగ్గుదల కనిపించింది. ఊరంతా జాగ్రత్త వ్యాపించిందని వారి వివరణ. అదే సంస్థ తర్వాత చేసిన మరో అధ్యయనంలో, కెమెరాలు తీసేసిన పెద్ద నగరాల్లో ఎర్ర లైటు దాటడం వల్ల జరిగే ప్రాణాంతక ప్రమాదాల రేటు, కెమెరాలను కొనసాగించిన నగరాలతో పోలిస్తే 30 శాతం ఎక్కువగా తేలింది.

మన దేశంలో ఈ వాదానికి అదనంగా మరో బలం ఉంది. రోడ్డు మీద బండి ఆపి, తాళం చెవి లాక్కుని, బేరమాడి వదిలేసే అవకాశం కెమెరాకు లేదు. ఎవరి బండి, ఎవరి తాలూకు అని అది అడగదు. లంచాన్నీ వాగ్వాదాన్నీ ఒకేసారి తొలగించే సాధనంగా దీన్ని చూసేవారి మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం.

రెండో వాదం: ప్రమాదం తగ్గదు, రూపు మారుతుంది

కెమెరా ఉందని తెలిసిన డ్రైవర్ పసుపు లైటు చూడగానే గట్టిగా బ్రేకు వేస్తాడు. వెనక వచ్చేవాడు వేయడు. అడ్డంగా గుద్దుకోవడం తగ్గి వెనక నుంచి గుద్దుకోవడం పెరుగుతుందన్నది సందేహవాదుల అభ్యంతరం. ఇది ఊహ కాదు. అమెరికా ఫెడరల్ హైవే విభాగం 2005లో ప్రచురించిన అధ్యయనం ఏడు ప్రాంతాల్లోని 132 కూడళ్లను పరిశీలించింది. అడ్డంగా గుద్దుకునే ప్రమాదాలు దాదాపు 25 శాతం తగ్గాయి, వెనక నుంచి గుద్దుకునేవి దాదాపు 15 శాతం పెరిగాయి. పక్క నుంచి తగిలే దెబ్బ ఎక్కువ ప్రాణాంతకం కాబట్టి, మొత్తం మీద స్వల్పంగా లాభమేనని ఆ అధ్యయనం తేల్చింది.

2020లో వచ్చిన రెండు రచనలు ఈ చర్చను ఇంకా చిక్కుముడి చేశాయి. ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కలిపి చూసిన క్యాంప్‌బెల్ సమీక్ష, గాయాలయ్యే ప్రమాదాలు మొత్తం మీద 20 శాతం తగ్గాయనీ, వెనక నుంచి గుద్దుకునేవి 19 శాతం పెరిగాయనీ చెప్పింది. అదే ఏడాది గల్లగర్, ఫిషర్ అనే ఆర్థికవేత్తలు హ్యూస్టన్ నగరం మీద ప్రచురించిన పత్రం వేరే మాట చెప్పింది. హ్యూస్టన్ ఓటర్లు 2010 నవంబరులో కెమెరాలను తిరస్కరించారు. ఒక్కసారిగా తీసేయడం వల్ల ముందు–తర్వాత పోల్చడానికి అరుదైన అవకాశం దొరికింది. కెమెరాలు మొత్తం ప్రమాదాలను గానీ గాయాలను గానీ తగ్గించాయనడానికి ఆధారం దొరకలేదని వారు తేల్చారు.

ఇంత తేడా ఎందుకొస్తోంది? ఒక ముఖ్య కారణం లెక్కల పద్ధతిలో ఉంది. ఏ కూడలిలో ఆ ఏడాది ఎక్కువ ప్రమాదాలు జరిగాయో అక్కడే కెమెరా పెడతారు. అసాధారణంగా చెడ్డ ఏడాది తర్వాత, ఏమీ చేయకపోయినా మామూలు ఏడాది వచ్చే అవకాశమే ఎక్కువ. ఆ సహజమైన తగ్గుదలను కెమెరా ఖాతాలో వేస్తే ఫలితం ఘనంగా కనిపిస్తుంది. తొలి అధ్యయనాల్లో చాలావాటికి ఈ లోపం ఉంది. మెరుగైన పద్ధతులు వచ్చేకొద్దీ ప్రయోజనం అంకె చిన్నదవుతూ వచ్చింది.

మూడో వాదం: తప్పు డ్రైవర్‌ది కాదు, కూడలిది

ఇంజినీర్ల వాదం పై రెంటికంటే తక్కువ వినిపిస్తుంది, బరువు మాత్రం ఎక్కువ. 1960లో జనరల్ మోటార్స్ పరిశోధకులు గాజిస్, హెర్మన్, మరాడుడిన్ పసుపు లైటు మీద రాసిన పత్రం ఒక ఇబ్బందికరమైన నిజాన్ని బయటపెట్టింది. పసుపు లైటు సమయం చాలకపోతే, ఎంత బుద్ధిమంతుడైన డ్రైవరైనా ఆగలేని, దాటలేని స్థితిలో పడతాడు.

లెక్క సులువే. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వస్తున్న కారు సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. లైటు మారడం చూసి స్పందించడానికి ఒక సెకను, సాధారణంగా బ్రేకు వేస్తే ఆగడానికి మరికొంత దూరం కలిపితే సుమారు 46 మీటర్లు కావాలి. పసుపు లైటు 3 సెకన్లే ఉంటే ఆ వ్యవధిలో కారు దాదాపు 42 మీటర్లే పోగలదు. స్టాప్ లైన్‌కు 44 మీటర్ల దూరంలో ఉన్నవాడు సురక్షితంగా ఆగలేడు, ఎర్ర లైటు పడేలోపు గీత చేరలేడు. పసుపును మరో అరసెకను పెంచితే ఈ ఇరకాటం పోతుంది. వాన పడి రోడ్డు తడిగా ఉంటే, లారీ నిండా లోడు ఉంటే ఇంకా ఎక్కువ సమయం కావాలి. ఇలాంటి కూడలిలో కెమెరా పెడితే అది తప్పును కాదు, భౌతికశాస్త్రాన్ని శిక్షిస్తుంది.

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ఒక కెమెరా చలానా నుంచి మొదలైన పోరాటం దీనికి ఉదాహరణ. మలుపు తిరిగే వాహనాలకు పాత సూత్రం సరిపోదని వాదించిన ఒక ఇంజినీర్‌కు, లైసెన్సు లేకుండా ఇంజినీరింగ్ చేస్తున్నాడంటూ రాష్ట్ర బోర్డు 500 డాలర్ల జరిమానా వేసింది. కోర్టు ఆయన పక్షాన నిలిచింది. 2020లో రవాణా ఇంజినీర్ల సంస్థ పసుపు లైటు సమయంపై తన సిఫార్సునే సవరించింది.

ఈ వాదం మరో మెట్టు పైకి వెళితే, అసలు సిగ్నల్ ఎందుకన్న ప్రశ్న వస్తుంది. అమెరికాలో 24 కూడళ్లను రౌండ్ అబౌట్లుగా మార్చినప్పుడు గాయాలయ్యే ప్రమాదాలు 76 శాతం తగ్గాయని 2001 నాటి అధ్యయనం చూపింది. పైన చూసిన కెమెరా అధ్యయనాల్లో ఏదీ ఆ అంకె దరిదాపులకు రాలేదు. స్థలం, ట్రాఫిక్ పరిమాణం, నడిచేవారి అవసరాలు అన్నిచోట్లా దానికి అనుకూలించవన్నది ఈ వాదం పరిమితి.

నాలుగో వాదం: హక్కులు, డబ్బు

కెమెరా నంబర్ ప్లేటును చూస్తుంది, మనిషిని కాదు. ఈ చిన్న తేడా చుట్టూ న్యాయస్థానాల్లో పెద్ద చర్చ నడిచింది. మిన్నెసోటా సుప్రీంకోర్టు 2007లో, మిస్సోరీ సుప్రీంకోర్టు 2015లో, నడిపిందెవరో తేల్చకుండా బండి యజమానిని బాధ్యుడిని చేసే స్థానిక నిబంధనలను కొట్టేశాయి. దీన్ని దాటడానికి రెండు దారులు ఏర్పడ్డాయి. న్యూయార్క్ చిన్న జరిమానా, 50 డాలర్లు, బండి యజమానికి వేస్తుంది. లైసెన్సు మీద పెనాల్టీ పాయింట్లు వేయదు. కాలిఫోర్నియా చాలాకాలం డ్రైవర్ ముఖం కూడా ఫొటోలో ఉండాలంది. పాయింటు వేసేది, ఫీజులతో కలిపి భారం 500 డాలర్లకు దగ్గరగా ఉండేది. మొదటి పద్ధతి నిఘా తక్కువ, శిక్ష తక్కువ. రెండోది రెండూ ఎక్కువ.

డబ్బు సంగతికి వస్తే షికాగో అందరికీ పాఠం. 2003లో మొదలై అమెరికాలోనే అతిపెద్దదైన ఆ కార్యక్రమంలో కాంట్రాక్టు కోసం లంచాలు పారినట్టు తేలింది. నగర రవాణా శాఖ మాజీ అధికారి జాన్ బిల్స్‌కు 2016లో పదేళ్ల జైలు శిక్ష పడింది. కెమెరా పెట్టే కంపెనీకి చలానాల సంఖ్యను బట్టి చెల్లిస్తే, తప్పులు తగ్గడం ఆ కంపెనీకి నష్టమవుతుంది. బ్రిటన్‌లో జరిమానాల సొమ్ముతోనే కెమెరాల ఖర్చు భరించే పద్ధతిని 2007లో ఎత్తేసి, నిధులను రోడ్డు భద్రత పద్దు కిందికి మార్చారు. కెమెరా ఆదాయానికీ కెమెరా సంఖ్యకూ ముడి తెంచడం ప్రజల నమ్మకానికి మొదటి షరతని ఈ రెండు అనుభవాలూ చెబుతున్నాయి.

మన దగ్గర పరిస్థితి

2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు రెండు ముఖ్య మార్పులు వచ్చాయి. ఎర్ర లైటు దాటడాన్ని 184వ సెక్షన్ కింద ప్రమాదకర డ్రైవింగ్‌లో స్పష్టంగా చేర్చారు. మొదటి తప్పుకు 1,000 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా, జైలు శిక్షకూ వీలుంది. 136ఎ సెక్షన్ ఎలక్ట్రానిక్ నిఘాకు చట్టబద్ధత ఇచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన 167ఎ రూల్ వివరాలు చెప్పింది. జనాభా పది లక్షలు దాటిన నగరాల్లోని ముఖ్య కూడళ్లతో పాటు, నిఘా పెట్టాల్సిన 132 నగరాల జాబితా ఇచ్చింది. అందులో ఆంధ్రప్రదేశ్‌వి 13. పరికరానికి ఏటా ధ్రువీకరణ ఉండాలి. కెమెరా ఉందని ముందే బోర్డు పెట్టాలి. తప్పు జరిగిన 15 రోజుల్లోగా నోటీసు వెళ్లాలి. ఎముకల వైద్యుడు ఎస్. రాజశేఖరన్ వేసిన రోడ్డు భద్రత వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో ఈ నిబంధనలను అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

అమలులో అందరికంటే ఎక్కువ చర్చకు వచ్చింది కేరళ. 2023లో అక్కడ పెట్టిన 726 కెమెరాల్లో 675 హెల్మెట్, సీటు బెల్టు, ఫోను మాటల వంటి తప్పుల కోసం. ఎర్ర లైటు కోసం పెట్టినవి 18. కాంట్రాక్టు మీద రాజకీయ ఆరోపణలు అక్కడా తప్పలేదు.

హైదరాబాద్‌లో కథ వేరుగా నడిచింది. కూడలిలోని స్థిర కెమెరాలతో పాటు, చేతిలో కెమెరా పట్టుకున్న ట్రాఫిక్ పోలీసు కూడా ఈ-చలానా వ్యవస్థలో భాగమయ్యాడు. 2022 అక్టోబరులో ట్రాఫిక్ పోలీసులు మొదలుపెట్టిన 'ఆపరేషన్ రోప్' కార్యక్రమం, స్టాప్ లైన్ దాటితే 100, ఫ్రీ లెఫ్ట్‌కు అడ్డుపడితే 1,000 రూపాయలు అంటూ కూడలి క్రమశిక్షణపై దృష్టి పెట్టింది. అయితే చలానా పడటం వేరు, కట్టడం వేరు. బకాయిలు కొండలా పేరుకోవడంతో 2022 మార్చిలో తెలంగాణలో రాయితీ ఇచ్చారు. ద్విచక్ర వాహనదారులు పావు వంతు కడితే చాలన్నారు. దాదాపు 300 కోట్ల రూపాయలు వసూలయ్యాయి. 2023 డిసెంబరులో మళ్లీ ఇచ్చారు, ఈసారి ద్విచక్ర వాహనాలకు 80 శాతం మాఫీ. ఖజానా కోణంలో ఇది విజయమే. భద్రత కోణంలో మాత్రం, వెంటనే కట్టినవాడికంటే కట్టకుండా ఎదురుచూసినవాడికే లాభమని చెప్పినట్టయింది. తప్పించుకోలేమన్న నమ్మకం మీదే నిలబడాల్సిన వ్యవస్థకు ఇంతకంటే పెద్ద దెబ్బ ఉండదు.

తెలంగాణలో 2017 ఆగస్టులో లైసెన్సు మీద పెనాల్టీ పాయింట్ల పద్ధతి వచ్చింది. 24 నెలల్లో 12 పాయింట్లు పడితే లైసెన్సు సస్పెండ్ అన్నారు. ఫొటోలో కనిపించేది నంబర్ ప్లేటు, పాయింట్లు పడాల్సింది మనిషి మీద. ఈ అగాధాన్ని పూడ్చకుండా పాయింట్ల పద్ధతీ కెమెరా పద్ధతీ కలిసి నడవవు.

నాలుగు వాదాలు పక్కపక్కన

- భద్రతా వాదం: కెమెరా ఉంటే జనం ఆగుతారు. బలం: అడ్డంగా గుద్దుకోవడం తగ్గుతుందని దాదాపు అన్ని అధ్యయనాలూ ఒప్పుకుంటున్నాయి. బలహీనత: పాత లెక్కల్లో ప్రయోజనం ఎక్కువ చేసి చూపే లోపం.
- సందేహవాదం: మొత్తం ప్రమాదాలు తగ్గవు. బలం: వెనక నుంచి గుద్దుకోవడం పెరుగుతుందన్నది రుజువైంది. బలహీనత: అన్ని ప్రమాదాలనూ ఒకే తూకంలో వేస్తే ప్రాణాంతకమైనవీ బంపరు సొట్టలూ ఒకటైపోతాయి.
- ఇంజినీరింగ్ వాదం: ముందు లైటు సమయం, కూడలి రూపం సరిచేయాలి. బలం: తక్కువ ఖర్చు, శాశ్వత ఫలితం. బలహీనత: కావాలని దాటేవాడిని ఏ సమయమూ ఆపదు.
- హక్కుల వాదం: శిక్షించే యంత్రానికీ హద్దులుండాలి. బలం: కోర్టు తీర్పులు, కాంట్రాక్టు కుంభకోణాలు. బలహీనత: కెమెరా లేని చోట పోలీసు విచక్షణ సామాన్యుడికి అంతకంటే న్యాయంగా ఉంటుందన్న హామీ లేదు.

ఇంకా తేలనివి

మొదటిది, విదేశీ ఫలితాలు మన రోడ్లకు వర్తిస్తాయా? 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో దాదాపు 45 శాతం ద్విచక్ర వాహనాల మీదివారు. వెనక నుంచి తగిలే దెబ్బ చిన్నదన్న అమెరికా లెక్క కారులో కూర్చున్నవాడి గురించి. బైకు మీదున్నవాడిని వెనక నుంచి గుద్దితే ఎగిరిపడతాడు. పక్క నుంచి తగిలే దెబ్బ కూడా అతనికి ఇంకా ఘోరం. ఈ రెండింటి మధ్య బేరీజు మన కూడళ్లలోనే వేయాలి.

రెండోది, సమస్య పరిమాణం. మన అధికారిక నివేదికల్లో 2022 మరణాల్లో 70 శాతానికి పైగా అతివేగం ఖాతాలో ఉన్నాయి. ఎర్ర లైటు దాటడం ఖాతాలో పడేవి ఒక శాతం చుట్టుపక్కలే. ఎఫ్‌ఐఆర్‌లో ఒకే కారణం రాసే అలవాటు వల్ల ఈ అంకె తగ్గి కనిపిస్తూ ఉండొచ్చు. అయినా పరిమిత నిధులున్నప్పుడు, కెమెరా కూడలికా హైవేకా అన్న ప్రశ్నకు జవాబు కావాలి.

మూడోది, మినహాయింపులు. అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే 194ఇ సెక్షన్ కింద 10,000 రూపాయల జరిమానాకు వీలుంది. దారి ఇవ్వడానికి గీత దాటితే కెమెరా చలానా వేయొచ్చు. ఈ రెంటి మధ్య నలిగే వాహనదారు తన వాదన వినిపించడానికి సులువైన, ఖర్చులేని వేదిక ఉండాలి. అమ్మేసిన బండికి చలానాలు అందుకునే పాత యజమానికీ, నంబర్ ప్లేటు వంచి తిరిగేవాడి పుణ్యాన వేరేవాళ్ల తప్పు మోసేవాడికీ ఇదే అవసరం.

నాలుగోది, సమన్యాయం. 1,000 రూపాయల చలానా పెద్ద కారు యజమానికి లెక్కలోది కాదు, ఆటో డ్రైవర్‌కు అది ఒక రోజు సంపాదన. ఆదాయాన్ని బట్టి జరిమానా వేసే ఫిన్లాండ్ పద్ధతి మన దగ్గర అమలుకు వీలుకాకపోవచ్చు. డబ్బు కంటే పాయింట్లకు ప్రాధాన్యమిస్తే అంతరం కొంత తగ్గుతుంది.

తూకం ఎటు

అన్నీ కలిపి చూస్తే ఒక మాట చెప్పొచ్చు. పసుపు లైటు సమయం సరిగ్గా ఉన్న కూడలిలో, హెచ్చరిక బోర్డుతో, చిన్నదైనా తప్పించుకోలేని జరిమానాతో పెట్టిన కెమెరా ప్రాణాంతక ప్రమాదాలను కొంత తగ్గిస్తుంది. ఈ షరతుల్లో ఏది లోపించినా అది వసూలు యంత్రంగానే మిగులుతుంది. కాబట్టి కెమెరా కావాలా వద్దా అన్నది అసలు ప్రశ్న కాదు. రోడ్డు మీది బండికి నియమం ఉన్నట్టే కెమెరాకూ నియమం ఉందా, దాన్ని ప్రభుత్వం పాటిస్తోందా అన్నదే ప్రశ్న.

ఆ నియమాలు చాలావరకు 167ఎ రూల్‌లో ఇప్పటికే ఉన్నాయి. కొత్త చట్టం అక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాలూ చేయాల్సినవి మూడు. కెమెరా పెట్టే ప్రతి కూడలిలో ముందుగా పసుపు లైటు సమయాన్ని తనిఖీ చేసి ఆ వివరం ప్రకటించాలి. ప్రతి కూడలికీ కెమెరాకు ముందు, తర్వాత జరిగిన ప్రమాదాల సంఖ్యను ఏటా బయటపెట్టాలి. చలానా రాయితీ మేళాలు ఆపి, ఆ స్థానంలో సకాలంలో నోటీసు, తేలికైన అప్పీలు, తప్పని వసూలు తేవాలి. ఏటా వసూలైన కోట్ల లెక్క మనకు వినిపిస్తూనే ఉంది. తగ్గిన మరణాల లెక్క కూడా అంతే గట్టిగా చెప్పమని పౌరులు అడగాలి. ఆ లెక్క చూపగలిగిన చోట కెమెరాను నిలబెట్టాలి, చూపలేని చోట తీసేయాలి.